మూసా అనే పేరు ఎక్కడిది? ప్రవక్తల నామాలు, వాటి మూలాలు





కొన్నేళ్ల క్రితం జుమా నమాజు ముగిసిన తర్వాత ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అబ్బాయి మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "హజ్రత్, మూసా అనే పేరుకు అర్థమేమిటి?" అని అడిగాడు. మదరసాలో మేము చదువుకొన్నదే చెప్పాము. ఖిబ్తీ భాషలో 'మూ' అంటే నీరు, 'షా' అంటే చెట్టు. నీటికీ చెట్లకూ నడుమ దొరికిన పసివాడు కనుక ఆ పేరు వచ్చింది అన్నాము. అబ్బాయికి తృప్తి కలగలేదు. "అది ఫిరౌనుల పేర్లలో ఉండే ముక్క అని ఒక పుస్తకంలో చదివాను హజ్రత్, నిజమేనా?" అన్నాడు. మాకు కోపం వచ్చింది. ప్రవక్తల విషయంలో ఇటువంటి మాటలు తగవని నలుగురి ముందూ మందలించి పంపివేశాము. ఆ తర్వాత చాలా వారాలపాటు అతడు మస్జిదులో కనిపించలేదు.

అతడు అడిగినది తెలుసుకోవాలన్న కోరికతోనే గాని హేళనతో కాదు. మాకు జవాబు తెలియలేదు. తెలియకపోవడాన్ని కోపంతో కప్పుకొన్నాము. తరువాత తెలిసినవారిని అడిగి, దొరికిన గ్రంథాలు చదివి మేము గ్రహించిన విషయాలను ఈనాడు మీ ముందు ఉంచుతున్నాము. ఆ అబ్బాయికి మేము బాకీపడిన జవాబు కూడా ఇదే.

పెద్దలు చెప్పిన అర్థం

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) శైశవ గాథ మనందరికీ తెలిసినదే. తల్లి ఆయనను పెట్టెలో ఉంచి నదిలో విడిచింది. ఫిరౌను ఇంటివారు ఆ పెట్టెను పైకి తీశారు. ఫిరౌను భార్య ఆ పసివాణ్ణి చంపవద్దని వేడుకొన్నది. దివ్య ఖుర్ఆన్ ఆయన పేరును 130కి పైగా సార్లు ప్రస్తావించింది. అయితే ఆ పేరు ఎవరు పెట్టారో, దాని అర్థమేమిటో అందులో చెప్పబడలేదు.

చెప్పబడని దానిని పెద్దలు వెదికారు. క్రీ.శ. 923లో మరణించిన ఇమామ్ తబరీ తమ గ్రంథంలో 'మూ', 'షా' అనే వివరణను నమోదు చేశారు. యూదుల తౌరాతులో మరొక వివరణ ఉంది. 'మాషా' అనే హీబ్రూ క్రియకు బయటికి లాగుట అని అర్థం. నీళ్లలోంచి పైకి తీసినందున ఫిరౌను కుమార్తె ఆ పేరు పెట్టిందని అక్కడి కథనం. క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన యూదు చరిత్రకారుడు జోసీఫస్, ఈజిప్టు భాషలో 'మో' అంటే నీరని, అందులోంచి రక్షింపబడినవాడు అనే అర్థంలో ఆ పేరు ఏర్పడిందని వ్రాశాడు. మూడు వివరణలలోనూ నీరు ఉంది.

ఇక్కడ మన ముఫస్సిర్ల పద్ధతిని గమనించండి. అరబీ భాషలో 'మూసా' అనే మాట ఉన్నది; దానికి మంగలికత్తి అని అర్థం. అయినా ఆ మాటతో ప్రవక్త పేరును ముడిపెట్టలేదు. ఆ బిడ్డ పెరిగిన దేశపు భాషలో ఆ పేరుకు అర్థమేమిటని అడిగారు. ఖిబ్తీ భాష పురాతన ఈజిప్టు భాషకు చివరి రూపం. ఈజిప్టులోని క్రైస్తవుల చర్చిలలో నేటికీ వినిపిస్తుంది. అందులో నీటికి 'మోవు' వంటి పదమే ఉన్నది. కనుక పెద్దలు అడిగిన ప్రశ్న సరియైనదే. అయితే వారి కాలంలో ఈజిప్టు రాతి గోడలపై ఉన్న లిపిని చదవగలవారు లోకంలో లేరు.

రాతి అక్షరాలు చెప్పినది

1799లో నైలునది ముఖద్వారం వద్ద ఉన్న రషీద్ పట్టణంలో ఫ్రెంచి సైనికులకు ఒక నల్లరాయి దొరికింది. దానిపై ఒకే శాసనం చిత్రలిపిలోను, వాడుకలిపిలోను, గ్రీకులోను చెక్కబడి ఉంది. 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు చిత్రలిపి రహస్యాన్ని ఛేదించాడు. ఆయనకు ఆ పనిలో ఎక్కువగా తోడ్పడినవి రెండు: రాజుల పేర్లు, ఖిబ్తీ భాష.

ఈజిప్టువారు రాజు పేరును అండాకారపు గీతలో బంధించి చెక్కేవారు. అటువంటి ఒక పేరులో మొదట సూర్యబింబం ఉంది. ఖిబ్తీలో సూర్యునికి 'రే' అని పేరు. చివర స-కారపు గుర్తులు రెండు ఉన్నాయి. నడుమ మూడు నక్కతోళ్లను కలిపి కట్టినట్లున్న గుర్తు ఉంది. అది 'మస్' అని షాంపోలియన్ గ్రహించాడు. కన్నుట అనే అర్థంలో ఖిబ్తీలో 'మీసె' అనే క్రియ ఉన్నది. అప్పుడు ఆ పేరు రామెసేసు అని తేలింది. కొంగను పోలిన పక్షి బొమ్మతో మొదలై అదే నక్కతోళ్ల గుర్తు ఉన్న మరొక పేరు తుత్‌మోస్ అని తేలింది. పురాతన ఈజిప్టు నోరు తెరచి పలికిన తొలి మాటలలో ఈ 'మస్' ఒకటి.

దాని అర్థం కన్నుట, పుట్టుట; బిడ్డ అని కూడా. అహ్‌మోస్ అంటే చంద్రుడు పుట్టాడు. తుత్‌మోస్ అంటే తోత్ దేవుడు పుట్టాడు. రామెసేసు అంటే సూర్యదేవుడైన రా అతనిని కన్నాడు. క్రీ.పూ. 1550 ప్రాంతం నుండి కొన్ని వందల ఏళ్లపాటు ఈజిప్టు సింహాసనంపై ఈ పేర్లవారు పదేపదే కూర్చున్నారు. దేవత పేరు లేకుండా కేవలం 'మోస్' అని పిలువబడిన సామాన్యులూ ఉండేవారు. రెండవ రామెసేసు కాలంలో ఒక భూమి తగాదాలో గెలిచిన మోస్ అనే ఉద్యోగి, ఆ వ్యాజ్యం వివరాలను సక్కారాలోని తన సమాధి గోడపై చెక్కించుకొన్నాడు.

మూసా అనే పేరు ఈ 'మోస్' నుండే వచ్చిందని, దానికి 'బిడ్డ' అనే అర్థమని అనేకమంది పరిశోధకులు భావిస్తున్నారు. దీనికి ఒక అభ్యంతరం ఉన్నది. తెలుగు బైబిలు చదివే మన క్రైస్తవ సోదరులు ఈ పేరును 'మోషే' అంటారు. హీబ్రూలో ఉన్నది ఈ ష-కారమే. మన మూసాలో స-కారం ఉంది. అదే తౌరాతు రామెసేసు పేరును స-కారంతోనే వ్రాసింది. ఈజిప్టు 'స' ఒక పేరులో 'స'గాను, మరొక పేరులో 'ష'గాను ఎందుకు మారిందని కొందరు పండితులు అడిగారు. రెండు పేర్లు వేర్వేరు కాలాలలో ఒక భాష నుండి మరొక భాషకు వచ్చి ఉండవచ్చునని మరికొందరు సమాధానమిచ్చారు. చర్చ ముగియలేదు. మూసా (అ) పేరుకు ముందు కూడా ఏదో దేవత పేరు ఉండేదని ఊహించినవారున్నారు. దానికి ఆధారం లేదు.

కనుక సోదరులారా, ఆ అబ్బాయి చదివినది నిరాధారమైన మాట కాదు. 'మోస్' అనే ముక్క ఫిరౌనుల పేర్లలో ఉన్నమాట వాస్తవం. ఫిరౌను ఇంట దొరికి, ఫిరౌను ఇంట పెరిగిన పసివాణ్ణి ఆ ఇంటివారు తమ భాషలో 'బిడ్డ' అని పిలిచి ఉంటే అందులో ప్రవక్త గౌరవానికి వచ్చిన లోపమేమిటి? శత్రువు ఇంటనే ఆయనను పెంచడం అల్లాహ్ చేసిన ఏర్పాటు. శత్రువు అన్నం పెట్టిన ఇంట్లో శత్రువు భాషలోనే పేరు కూడా వచ్చి ఉంటే ఆ ఏర్పాటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

యూసుఫ్ (అ) గాథలోని పేర్లు

ఈజిప్టుతో ముడిపడిన మరొక ప్రవక్త యూసుఫ్ (అ). ఆయనను కొన్న ప్రముఖుణ్ణి ఖుర్ఆన్ 'అజీజ్' అనే హోదాతోనే పేర్కొన్నది. తౌరాతులో అతని పేరు పోతీఫరు. ఈజిప్టు భాషలో దీనికి 'రా దేవుడు ఇచ్చినవాడు' అని అర్థం. మన ఊళ్లలోని అల్లాబక్షు పేరు కూడా ఇదే కట్టుబాటులో ఉంది. ఇచ్చినవాడు ఎవరన్నదే తేడా. మన తఫ్సీర్లలో ఇతని పేరు 'ఖిత్‌ఫీర్' అని కనిపిస్తుంది. అరబీలో 'ప' లేదు కనుక పోతీఫరు మొదట 'ఫ'తో వ్రాయబడి ఉండాలి. 'ఫా'కు ఒక చుక్క, 'ఖాఫ్'కు రెండు చుక్కలు. నకలు వ్రాసిన ఎవరి కలం నుండో ఒక చుక్క ఎక్కువగా పడి ఉంటుంది. ఒక్క చుక్కతో మనిషి పేరు మారిపోయి తరతరాలు నిలిచింది.

'ఫిరౌను' అన్నది వ్యక్తి పేరు కానే కాదు. ఈజిప్టు భాషలో 'పెర్-ఆ' అంటే పెద్ద ఇల్లు, అనగా రాజభవనం. మన సంస్థానాల కాలంలో ప్రజలు రాజును ఉద్దేశించి 'దివాణం' అన్నట్లుగా, అక్కడ కూడా భవనం పేరు క్రమంగా అందులో ఉండేవానికి అంటుకొన్నది. క్రీ.పూ. 14వ శతాబ్ది నాటికి రాజును ఈ మాటతో పేర్కొనడం లేఖలలో కనిపిస్తుంది. ఖుర్ఆన్ మూసా (అ) కాలపు పాలకుణ్ణి ఫిరౌను అంటుంది. అంతకు ఎంతో పూర్వుడైన యూసుఫ్ (అ) కాలపు పాలకుణ్ణి 'మలిక్', అంటే రాజు అని మాత్రమే పేర్కొంటుంది.

యూసుఫ్ (అ) తండ్రి పేరు కూడా ఆ నేలకు అపరిచితం కాదు. క్రీ.పూ. 1650 తర్వాత కనాను వైపు నుండి వచ్చినవారు సుమారు ఒక శతాబ్దం నైలు డెల్టాను పాలించారు. ఆ యుగపు చిన్న ముద్రలపై 'యాకూబ్-హర్' అనే పాలకుని పేరు దొరికింది. ఇతడు మన యాఖూబ్ (అ) కాడు. అటువంటి పేర్లు ఈజిప్టులో తిరుగుతుండేవని మాత్రం ఆ ముద్రలు చెబుతున్నాయి. ఇక యాఖూబ్ (అ)కు ఉన్న మరొక పేరు ఇస్రాయీల్. ఒక జాతి పేరుగా అది మెర్నెప్తా అనే ఫిరౌను క్రీ.పూ. 1208 ప్రాంతంలో చెక్కించిన శిలపై ఉంది. ఆ జాతి విత్తనం కూడా మిగలకుండా నాశనమైందని ఆ రాజు గొప్పగా చెప్పుకొన్నాడు. 1896లో ఆ రాయి బయటపడే నాటికి ఆ రాజు వంశం పోయింది, రాజ్యం పోయింది, భాష కూడా వాడుకలోంచి పోయింది. అతడు లేకుండా చేశానన్న జాతి మాత్రం ఇంకా ఉన్నది.

మూసా (అ) సోదరుడైన హారూన్ (అ) మనవని పేరు తౌరాతు ప్రకారం ఫీనెహాసు. ఇది అచ్చంగా ఈజిప్టు పేరు. 'నూబియావాడు', అంటే దక్షిణాన ఉన్న నల్లవారి దేశస్థుడు అని అర్థం. ఆ పవిత్ర కుటుంబం ఆ పేరును సిగ్గుపడి మార్చలేదు.

వ్యాకరణం ముందే నేర్పిన పాఠం

ఆ రోజు మాకు వచ్చిన కోపాన్ని తలచుకొన్నప్పుడు ఒక సంగతి మమ్మల్ని మరింత సిగ్గుపరుస్తుంది. మదరసాలో మొదటి సంవత్సరాలలోనే 'హిదాయతున్నహ్వ్' చదువుతాము. కొన్ని నామాలకు తన్వీన్ ఎందుకు రాదో వివరించే తొమ్మిది కారణాలను కంఠస్థం చేస్తాము. వాటిలో ఒకటి 'ఉజ్మా', అంటే ఆ పేరు అరబేతర భాషకు చెందినది కావడం. దానికి ఇచ్చే ఉదాహరణ ఇబ్రాహీమ్. ఇస్మాయీల్, ఇస్‌హాఖ్, యాఖూబ్, యూసుఫ్ పేర్లూ అంతే. ముహమ్మద్, సాలిహ్, షుఐబ్, హూద్, నూహ్, లూత్ అనే ఆరు ప్రవక్తల నామాలకే తన్వీన్ వస్తుందని, వాటిలోనూ నూహ్, లూత్ పేర్లు అరబేతరమైనవే అయినా పలకడానికి తేలిక కనుక మినహాయింపు పొందాయని ఉస్తాదులు చెప్పారు. అధిక సంఖ్యాక ప్రవక్తల పేర్లు అరబీవి కావని మన వ్యాకరణవేత్తలు వెయ్యేళ్లకు పైగా బోధిస్తూనే ఉన్నారు. మేము దానిని పరీక్ష కోసం చదివామే గాని దాని భావాన్ని హృదయానికి పట్టించుకోలేదు.

ఈ పేర్లలో అనేకం హీబ్రూవి. హీబ్రూ, అరబీ అక్కచెల్లెళ్లవంటి భాషలు కనుక వాటి అర్థం మనకు తేలికగా అందుతుంది. ఇస్మాయీల్ అంటే దేవుడు విన్నాడు. అరబీలోని 'సమిఅ' ధాతువే ఇందులో ఉన్నది. ముసలితనంలో సంతానం కలిగినప్పుడు ఇబ్రాహీమ్ (అ) తన ప్రభువును, ప్రార్థన వినేవాడని కొనియాడినట్లు ఖుర్ఆన్ చెబుతుంది. ఆ మాట ఆ ధాతువులోనిదే. ఇస్‌హాఖ్ అంటే నవ్వుతాడు. ఆయన పుడతాడన్న శుభవార్త దైవదూతలు తెచ్చిన సందర్భంలో ఇబ్రాహీమ్ (అ) భార్య నవ్వినట్లు ఖుర్ఆన్‌లో ఉంది. జకరియ్యా అంటే ప్రభువు గుర్తుంచుకొన్నాడు. 'జిక్ర్' అనే మాటకు ఇది తోబుట్టువు. మర్యమ్ సూరా ఆయనపై ప్రభువు చూపిన కారుణ్యాన్ని స్మరించడంతోనే ఆరంభమవుతుంది. సులైమాన్ పేరులో మనం రోజూ పలికే 'సలామ్' ఉంది. పేరు పరభాషదైనా అందులోని భావం మన దుఆలలోనే ఉన్నది.

పేరు చెక్కించుకొన్నవారు

పురాతన ఈజిప్టువారు పేరును మనిషిలో ఒక భాగంగా నమ్మేవారు. పేరు చెరిగితే పరలోకంలో కూడా ఆ మనిషి ఉండడని వారి విశ్వాసం. అందుకే పేర్లపై యుద్ధాలు జరిగాయి. నాలుగవ అమెన్‌హోతెప్ అనే రాజు తన పేరులోని అమున్ దేవుణ్ణి తొలగించి, సూర్యబింబమైన ఆతెన్ పేరుతో అఖెనాతెన్ అయ్యాడు. దేశమంతటా గోడలపై అమున్ పేరును ఉలితో చెక్కివేయించాడు. అతని తర్వాత తూతన్‌ఖాతెన్ అనే బాలరాజు తిరిగి తూతన్‌ఖామున్ అయ్యాడు. హత్‌షెప్సుత్ అనే రాణి పేరును ఆమె తర్వాతివారు చెరిపివేశారు. మూడవ రామెసేసు హత్యకు అంతఃపురంలో కుట్ర జరిగినప్పుడు, విచారణ పత్రంలో నేరస్థుల పేర్లనే మార్చి వ్రాశారు. 'రా ప్రేమించినవాడు' అనే అర్థం గల పేరును 'రా అసహ్యించుకొన్నవాడు' అని మార్చారు.

రెండవ రామెసేసు తన పేరును ఎవరూ చెరపలేనంత లోతుగా రాతిలో చెక్కించాడు. నేటికీ యాత్రికులు అందులో వేళ్లు పెట్టి చూస్తారు. అయితే మూసా (అ)ను ఎదిరించిన ఫిరౌను ఎవరు? రెండవ రామెసేసు అంటారు కొందరు, మెర్నెప్తా అంటారు మరికొందరు. ఖుర్ఆన్ అతని పేరు చెప్పలేదు. పేరు కోసం కొండలు తొలిపించిన వంశంలోని ఆ మనిషిని అల్లాహ్ 'పెద్ద ఇల్లు' అనే హోదాతోనే మిగిల్చాడు. ఏ రాతిపైనా పేరు చెక్కించుకోని మూసా (అ) పేరు మాత్రం మనం ప్రతి రమజానులో తరావీహ్‌లో వింటున్నాము.

ప్రవక్త (స) పేర్లు మార్చిన తీరు

మన ప్రవక్త (స) కూడా కొందరి పేర్లు మార్చారు. ఎటువంటివి? విగ్రహాలకో సూర్యచంద్రులకో దాసుడనే అర్థం గలవి. అబూహురైరా (రజి) పూర్వనామం సూర్యదాసుడనే అర్థం గల అబ్దుషమ్స్ అని, ఇస్లాంలోకి వచ్చాక అబ్దుర్రహ్మాన్ అయిందని చరిత్రకారులు వ్రాశారు. చెడు అర్థం గలవాటినీ మార్చారు. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె పేరు 'ఆసియా', అంటే అవిధేయురాలు. ప్రవక్త (స) ఆమెను జమీలా అన్నారు. కరకునేల అనే అర్థం గల హజ్‌న్ అనే పేరుగల వ్యక్తికి సహ్ల్ అని పెట్టుకోమని సూచించగా, తండ్రి పెట్టిన పేరు మార్చుకోనన్నాడు. ప్రవక్త (స) బలవంతం చేయలేదు.

అదే ఈజిప్టు నుండి వచ్చిన మారియా ఖిబ్తియా (రజి) పేరును మార్చలేదు. ఆమెకు పుట్టిన కుమారునికి ప్రవక్త (స) పెట్టిన పేరు ఇబ్రాహీమ్. అరబీ వ్యాకరణం ప్రకారం అది అరబేతర నామం. పేరును తూచడానికి ప్రవక్త (స) వాడిన తూకం అర్థం. భాష కాదు.

మన ఇళ్లలో

ఈ తూకాన్ని మనం మన ఇళ్లకు తెచ్చుకోవాలి. పైన చెప్పిన ఉమర్ (రజి) కుమార్తె పూర్వనామం 'ఐన్', 'సాద్' అక్షరాలతో వ్రాయబడేది. ఫిరౌను భార్య, మూసా (అ)ను కాపాడిన పుణ్యవతి ఆసియా పేరు 'అలిఫ్', 'సీన్' అక్షరాలతో వ్రాయబడుతుంది. తెలుగు లిపిలో రెండూ 'ఆసియా' అయిపోతాయి. కూతురికి ఈ పేరు పెట్టిన ఒక తల్లి, అది చెడ్డ పేరని ఎవరో చెప్పగా ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. అక్షరాలు వ్రాసి చూపించి పంపాము. జనన ధ్రువపత్రంలో ఏ లిపిలో ఉన్నా, పిల్లల పేరును అరబీలో లేక ఉర్దూలో ఒకసారి వ్రాసి పెట్టుకోండి. చుక్క మారితే పోతీఫరుకు ఏమైందో చూశాము కదా.

మన పల్లెలలో హుసేనమ్మ, ఖాసింబీ అనే పేర్లుగల వృద్ధులు ఉన్నారు. ఫోనులో వెదికి కొత్త కొత్త పేర్లు తెచ్చుకొనే మనవలు ఆ పేర్లు విని నవ్వుతారు. ఆ కొత్త పేర్లలో కొన్నింటికి ఏ భాషలోనూ అర్థం దొరకదు. హుసేన్ అనే అరబీ పేరు పక్కన అమ్మ అనే తెలుగు మాట చేరితే తప్పేమిటి? ఇస్లాం స్వీకరించి వచ్చిన సోదరునికి చెడు అర్థం లేని పేరు ఉంటే, దానిని మార్చమని మస్జిదులో పదిమంది మీదపడి ఒత్తిడి చేయవద్దు. మీ వీధిలోని మోషే, మీ ఇంటి మూసా ఒకే పేరు మోస్తున్నారని పిల్లలకు చెప్పండి.

ఆ అబ్బాయి ఈ పుస్తకం చూస్తాడో లేదో మాకు తెలియదు. అతనికి తెలిసినవారు ఎవరైనా ఉంటే మా మాటగా చెప్పండి: నీవు అడిగిన ప్రశ్న మంచిది, నిన్ను మందలించడం మా తప్పు. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి పోగొట్టుకొంటే ఆ నష్టం మస్జిదుదే.

ఓ అల్లాహ్! మా పిల్లలకు మంచి అర్థం గల పేర్లు పెట్టే వివేకాన్ని, ఆ పేర్లకు తగిన నడవడిని ప్రసాదించు. మాకు తెలియని దానిని తెలియదని ఒప్పుకొనే ధైర్యాన్ని ఇవ్వు. అడిగేవారిపై కోపగించుకోకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.